బానెట్ మీద చెయ్యి

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో గట్టిగానే కోప్పడ్డావు. "టమాటా కొనాలన్నా నొక్కి చూస్తాం. కారును ఫోటోలు చూసి కొంటావా నాన్నా?" అన్నావు. అది ఫోన్లో చెప్పే సంగతి కాదని పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

కారు దాదాపు కుదిరినట్టే. చవక. ఇరవై రెండు ఫోటోలు, సర్వీసు కాగితాలు అన్నీ రెండేసిసార్లు చూశాను. నేను సరేనంటే వచ్చే నెల లారీ మీద ఇంటికే పంపిస్తారట. నువ్వు మళ్లీ ఉద్యోగంలో చేరేనాటికి మీ దగ్గరికి మారిపోయి, పాపను రోజూ బడిలో దింపుతానని మాటిచ్చాను కదా. దానికి కారు కావాలి.

వెళ్లి చూడకపోవడం బద్ధకం వల్ల కాదు. మన పాత కార్లు మూడూ మీ అమ్మే చూసింది. నేను కాగితాలు చదివేవాణ్ణి, అంతే. ఆవిడ ముందుగా బానెట్ మీద అరచెయ్యి ఆనించేది, నీకు జ్వరం వచ్చిందేమో చూసినట్టు. వేడిగా ఉంటే కారెక్కేదే కాదు. "మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టాడండీ. చల్లటి ఇంజన్ మొరాయిస్తుందని వాడికి తెలుసు" అనేది. తర్వాత కాళ్ల కింద పరిచిన పట్టా ఎత్తి వాసన చూసేది. నేను సిగ్గుపడి రోడ్డు వైపు తిరిగేవాణ్ణి.

ఇంకో సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. చివరి ఏడాది మీ అమ్మ రెండుసార్లు అంది, "మెట్లెక్కితే ఆయాసం వస్తోందండీ" అని. అప్పటికి పరీక్షలు చేయించి నెలే అయింది. "రిపోర్టులన్నీ బాగున్నాయిగా" అన్నాను, పేపర్లోంచి తలెత్తకుండా. మూడోసారి అనలేదు. ఎదురుగా ఉన్న మనిషినే చూడనివాణ్ణి, కారును చూసి ఏం కనిపెడతాను? ఫోటోలే నయం.

నాన్న


బుజ్జమ్మా,

నీ జవాబు అందింది. నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. కారు గురించి ఒక్క ముక్కే రాశావు: "అందులో కూర్చునేది పాప." నిన్న పొద్దున్నే బస్సెక్కాను.

వస్తున్నానని అమ్మేవాడికి ముందే ఫోన్ చేశాను. మీ అమ్మయితే చేసేది కాదు. కారు ఫోటోల్లోలాగే మెరుస్తోంది. బానెట్ మీద చెయ్యి ఆనించాను. చురుక్కుమంది.

"ఎండ సార్, ఎండకి."

"కారు షెడ్డులో ఉంది కదయ్యా!"

"మీరు మెకానిక్కా?"

"కాదు. అలాంటావిడ మొగుణ్ణి."

పట్టా ఎత్తాను. బురద వాసన. ఎప్పుడో నీళ్లలో మునిగిన బండి. వద్దని చెప్పి బయటికొచ్చాను. నాకూ చూడటం వచ్చు బుజ్జమ్మా. ఇన్నేళ్లూ రోడ్డు వైపు తిరిగి కూడా ఓరకంట నేర్చుకున్నానన్నమాట.

పక్కింటి గోడ మీంచి ఒక పెద్దావిడ నవ్వింది. రిటైరైన టీచరమ్మ. "మూడు వారాలుగా చూస్తున్నా బాబూ, బానెట్ ముట్టుకున్నది నువ్వొక్కడివే. నా దగ్గరా ఉంది ఒకటి. ఫోటో పెడితే ఒక్కడంటే ఒక్కడు ఫోన్ చెయ్యలేదు."

ఎందుకు చేస్తారు? ఎడమ తలుపుకు సొట్ట, రంగు వెలిసిపోయింది. కానీ బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే స్టార్టయింది. పట్టా కింద సుద్దముక్కలు తప్ప ఏమీ లేవు. "నేనూ, అదీ ఒకటే. మొహం చూసి వెళ్లిపోకూడదు" అందావిడ. చాలా రోజుల తర్వాత పైకే నవ్వాను.

ఇంకా మాటివ్వలేదు. నువ్వూ ఒకసారి చెయ్యి వేసి చూడాలి. నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వనంది టీచరమ్మ. అడిగేవాళ్లూ లేరులే.

నీ ఉత్తరం అడుగున, సంతకం కింద ఇరికించి రాశావు: "ఈ మధ్య కాస్త నీరసం. మామూలే." ఇదివరకైతే చదివి మడిచేసేవాణ్ణి. శనివారం మొదటి బస్సుకే వస్తున్నాను. కారు సంగతి ఆదివారం చూద్దాం. శనివారం మనం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. రిపోర్టు ఆయన చదువుతాడు. నేను నిన్ను చూస్తూ కూర్చుంటాను.

నాన్న