గడి ముందర సైకిల్ దిగలే

కామారెడ్డి, ఆదివారం

పోచయ్య బావకు గంగారాం దండాలు.

నేను బాగనే ఉన్న, అవ్వ గురించే బుగులైతున్నది. మిల్లు బందుంటే మేం నలుగురం కిరాయి సైకిళ్ల మీద నిన్న ఎల్లారెడ్డి దాటి బిచ్కుంద దాక పోయినం. ఇయ్యాల మర్లేటప్పుడు, తొవ్వల కాలు కింద పెట్టినోడు ఓడినట్టని పందెం ఏసుకున్నం. మా ఊరి దొర గడి ముందర సైకిల్ మీద పోవద్దు గదా, ముగ్గురు దిగి, చెప్పులు చేతుల పట్టుకొని నడిచిండ్రు. నేను దిగలే. దొర మనిషి "దిగురా, నీ అయ్య సైకిలా?" అన్నడు. "కిరాయిది, నీ దొరదైతే కాదు" అన్న. "ఎవని కొడుకువురా?" అని ఉరికొచ్చిండు. కోపంల "మంగవ్వ కొడుకును, ఏం జేస్తవో చేస్కో" అని ఒర్లి, ఆగకుంట కామారెడ్డి దాక తొక్కిన. అవ్వ పేరెందుకు చెప్పిన్నో!

ఇగ వాండ్లు అవ్వను గడికి గుంజుకపోతరు. నేను పోతే నన్ను కట్టేస్తరు, ఆమెను సుత ఇడువరు. కార్డు అందంగనే బండి కట్టుకొని పోయి అవ్వను బీబీపేటకు తోలుకరా. బర్రెను పక్కింటి సాయిలు ఇంట్ల కట్టెయ్. అక్కకు జరం తగ్గిందా?

దొరకు భయపడి అవ్వ ఇల్లు ఇడిచేది కాదు. గంగారాం సైకిల్ మీదికెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు, మా ఇంట్ల పన్నడని చెప్పు. ఉరికొస్తది. అక్కకు మాత్రం నిజం చెప్పు, లేకుంటే ఏడుస్తది. పిల్లలు సల్లగుండాలె.