దోసకాయ చేదు చూసే పని

సరళక్కా,

నానక్‌రామ్‌గూడలో మన డేకేర్‌కి ఈరోజు మళ్లీ శంకర్‌పల్లి కూరగాయలు వచ్చాయి. నువ్వు చనిపోయాక వంటగది మూసేశాం. మాదాపూర్ నుంచి డబ్బాల్లో తెప్పించిన భోజనం పిల్లలు సగం వదిలేసేవారు. సరళ ఉన్నప్పటిలా ఇక్కడే వండి పెట్టమని చివరికి తల్లిదండ్రులే అడిగారు.

పొద్దున్నే రైతు మల్లేశన్న ఆటోలోంచి దోసకాయలు, పాలకూర, జామకాయలు దించాడు. అలవాటు కొద్దీ నీకోసం లోపలికి చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "ఇగ నువ్వే చూస్కోవాలె చెల్లే" అన్నాడు.

పప్పులోకి దోసకాయలు కోస్తుంటే పిల్లలు వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. ఒక్క చేదు కాయ పడితే పప్పంతా పాడవుతుందని నువ్వు ప్రతి కాయా కోసి ముక్క నోట్లో వేసుకునేదానివి కదా. కాయ బాగున్నా సరే, వాళ్లను నవ్వించడానికి కళ్లు గట్టిగా మూసుకుని మూతి వంకర పెట్టేదానివి. వాళ్లు దానికోసమే కూర్చున్నారు.

నేనూ ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాను. అందరూ పకపకా నవ్వారు. నేను ఎంతకీ కళ్లు తెరవకపోయేసరికి నవ్వులు ఆగిపోయాయి. నాలుగేళ్ల ఆద్య నా చెయ్యి పట్టుకుని లాగింది.

"టీచర్, నిజంగనే చేదున్నదా?"

"అవును బిడ్డా, జర చేదున్నది."

"అయితే పప్పుల వెయ్యకు."

వెయ్యలేదు. మధ్యాహ్నం వాళ్లు పడుకున్నాక వంటగదిలో కూర్చుని ఆ కాయంతా నేనే తిన్నాను. ఒక్క ముక్క కూడా చేదు లేదక్కా.