సీసాలో బుడగలు

శుక్రవారం రాత్రి, ఆసుపత్రి పక్క సత్రంలో.

నెలలు నిండకుండా పుట్టిన మనవడికి ఈరోజూ ఊపిరి సరిగా ఆడలేదు. రొప్పుతూనే ఉన్నాడు. నర్సమ్మ వాడి పెదవుల రంగు చూసి ఆక్సిజన్ సిలిండరు మర కొంచెం బిగించింది. సిలిండరుకి తగిలించిన నీళ్ళ సీసాలో బుడగలు తగ్గిపోయాయి.

"ఇంకొంచెం వదులమ్మా. గాలి దగ్గర కూడా పిసినారితనమా?" అన్నాను.

"పెదాలు ఎర్రబడినాయి గదవ్వా. గాలి ఎక్కువైతే బిడ్డకి కళ్ళు పోతాయి."

"పోతే పోనీ. వాడికి కళ్ళు నేనవుతా. ఊపిరి నిలబెట్టు తల్లీ!"

ఆమె మర ముట్టుకోలేదు. మంచం మీదున్న కోడలు మాత్రం నావైపే చూస్తూ ఉండిపోయింది.

దీపం దగ్గరికి జరుపుకున్నా రాస్తున్న ఈ అక్షరాలు అలుక్కుపోయినట్టే ఉన్నాయి. నా కళ్ళకే పొరలు కమ్ముతున్నాయి. ఏం చూసుకుని అంత మాట అన్నానో...