రెండో బ్రేకు

నా జడ చిక్కులూ నా తగువుల చిక్కులూ రెండూ ఒకే ఓపికతో విప్పిన అక్కకి,

పేపర్లో నా ఫోటో చూసి, "కౌన్సిలర్ అయినదానివి, ఆ ముఖం అలా మాడ్చుకున్నావేం?" అని రాశావు. ముఖంలో ఏమీ లేదక్కా. ఉన్నదంతా ఎడమ పాదంలో ఉంది. ఫోటో తీసే సమయానికి మీ మరిది దాని మీద కాలేసి ఉన్నాడు.

నవ్వకు. మొదటినుంచీ చెబితే గాని నీకు అర్థం కాదు. ఆయన డ్రైవింగ్ స్కూలు కారు నువ్వు ఎక్కావుగా. నేర్చుకునేవాళ్ళ ముందు ఒక బ్రేకు, పక్క సీట్లో నేర్పేవాడి ముందు ఇంకో బ్రేకు ఉంటాయి. మీ మరిది పెళ్ళికి ముందునుంచీ ఆ రెండో బ్రేకు మీదే బతుకుతున్నాడు. బస్సెక్కితే నేలని తొక్కుతాడు. సినిమాలో కారు మలుపు తిరిగితే ముందు సీటుని తంతాడు. నిద్రలో దుప్పటిని తొక్కి తొక్కి మంచం కిందికి పంపిస్తాడు. ఇన్నేళ్లూ అది నాకు నవ్వుకోవడానికే పనికొచ్చింది.

ఈసారి మా వార్డు ఆడవాళ్ళకి కేటాయించారని తెలిసిన రోజు ఆయన ఒంటికాలి మీద లేచాడు. అప్పటికే తన ఫోటోతో పోస్టర్లు అచ్చు వేయించుకున్నాడు మరి. పారేయడానికి మనసొప్పక, ముఖం వరకు నా ఫోటో అతికించాడు. మెడ కిందంతా ఆయనే. కోటూ, టై, చెయ్యి ఊపడం అన్నీ ఆయనవే. ఆ అవతారంతోనే గెలిచాను. నిజం చెప్పాలంటే పోస్టర్ని ఎవరూ పట్టించుకోలేదు. స్కూలు యూనిఫారాల కొలతల కోసం ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగినదాన్ని, ఆ గుమ్మాలన్నీ నావే.

మా కౌన్సిల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆడ సభ్యురాలి పక్కన తోడు కుర్చీ అని ఒకటి వేస్తారు. ఆమెకి సాయంగా ఇంటివాళ్ళలో ఒకరు కూర్చోవచ్చు. నోరు మాత్రం విప్పకూడదు. మగ సభ్యులకి తోడు కుర్చీ లేదు, వాళ్ళకి సాయం అక్కర్లేదట. వాళ్ళలో ఒక పెద్దాయన ప్రమాణం చేసిన రోజునుంచీ నిద్రపోతూనే ఉన్నాడు. ఆయనకి కావలసింది కుర్చీ కాదు, దిండు.

నోరు విప్పకూడదన్నారు గాని కాలు కదపకూడదని ఎవరూ అనలేదు. ఒకసారి తొక్కితే నేను ఆగాలి. రెండుసార్లు తొక్కితే చెయ్యెత్తాలి. మొదటి మీటింగులో నేను "అధ్యక్షా" అన్నానో లేదో బ్రేకు పడింది. ఇంటికొచ్చి, "నొప్పేస్తోందండీ" అంటే, "అలవాటే, ఏం చెయ్యను" అన్నాడు. కుట్టు మిషను తొక్కే కాలు కదా, అది కూడా అలవాటు పడిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. బస్టాండు పక్కన ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉంది, దానికి ఏళ్లుగా తాళం. బజారులో కూరగాయలు అమ్మే ఆడవాళ్ళు పొద్దున ఇంట్లో నీళ్ళు తాగి బయల్దేరితే మళ్ళీ ఇంటికెళ్ళాకే తాగుతారు. "మధ్యలో తాగితే ఎక్కడికి పోవాలమ్మా?" అని మా వీధి మొదట్లో కూర్చునే కూరగాయలావిడ అడిగింది. నేను గెలిస్తే ఆ తాళం తీయిస్తానని మాటిచ్చాను. పోయిన మీటింగులో తీర్మానం వచ్చింది. తాళం తీయడానికి కాదు, ఆ గదులు పడగొట్టి, ఆ స్థలాన్ని డ్రైవింగ్ స్కూలు వాళ్ళకి ఇవ్వడానికి. కార్లు వెనక్కి నడపడం నేర్పించడానికి చోటు చాలడం లేదట. ఎవరి స్కూలో నీకు చెప్పనక్కర్లేదు.

రెండుసార్లు తొక్కాడు. నా చెయ్యి లేచింది.

ఒక్క ఓటు తేడాతో నెగ్గింది అక్కా. ఆ ఒక్కటీ నాది. నేను వద్దనుకుంటూనే ఉన్నాను, చెయ్యి గాల్లో ఉంది. పాదం నొప్పి కాదు నన్ను తినేస్తున్నది. నన్ను అడక్కుండా నా చెయ్యి ఎలా లేచిందన్నదే తినేస్తోంది.

మర్నాడు కూరగాయలకి వెళ్ళాను. ఆవిడ తూకం సరిగ్గా వేసి ఇచ్చింది. ఎప్పుడూ పైన పడే కొసరు పడలేదు. ఆ సంచీ ఇంటిదాకా మొయ్యలేకపోయాను.

నన్ను చూసి నువ్వూ మీ బజారు సంఘానికి అధ్యక్షురాలిగా నిలబడాలనుకుంటున్నానని రాశావు. వద్దు. నన్ను చూసి మాత్రం వద్దు. రాజీనామా రాసి పెట్టుకున్నాను. వచ్చే మీటింగులో ఆ తీర్మానాన్ని మళ్ళీ ఓటుకి పెట్టి ఖాయం చేస్తారు, ఈలోపే ఇచ్చేస్తాను. ఆయనకి ఇంకా చెప్పలేదు.

కుంటుతూ,
నీ బొంగరం

*

నా కన్నీళ్ళకి నవ్వు, నా నవ్వులకి తిట్లు పంపే అక్కకి,

"రాజీనామా ఇచ్చే ముందు కనీసం ఒక్కసారి నువ్వూ ఆయన కాలు తొక్కవే" అని రాశావు. నీకేం, బావ కాలు తొక్కితే ఆయనే సారీ చెబుతాడు.

రాజీనామా ఇంకా ఇవ్వలేదు. ఎందుకంటే మధ్యలో ఒక ప్రయాణం తగిలింది. గెలిచిన ఆడవాళ్ళకి శిక్షణ అని ఒక సంస్థవాళ్ళు పిలిచారు. పెద్ద హోటలు, చాలా దేశాల ఆడవాళ్ళు. పోతూ పోతూ భోజనమైనా చేసి పోదామని వెళ్ళాను. మీ మరిది కూడా బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఒకావిడ, "సభ్యులకి మాత్రమేనండీ" అని ఎంత మర్యాదగా ఆపిందంటే, ఆయన థాంక్స్ చెప్పి మరీ వెనక్కి తిరిగాడు. అప్పటికే బయట సోఫాల నిండా అలా తిరిగొచ్చిన భర్తలు ఉన్నారట. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సాయంత్రానికి ప్రాణ స్నేహితులైపోయారు.

లోపల అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు పెట్టారు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఒకావిడ అద్దాల గదిలో కూర్చుని తెలుగులో చెబుతుంది. పాపం ఆవిడకి జలుబు. దేశదేశాల నాయకురాళ్ళందరూ నా చెవిలో ముక్కుతోనే మాట్లాడారు.

పొద్దుటి పాఠం నాకేమీ గుర్తులేదు. మధ్యాహ్నం మాత్రం, "మీ కష్టాలు చెప్పుకోండి" అన్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి చేపలమ్మి మేయరైన ఒకావిడ లేచి, తన భర్త వెనక వరుసలో కూర్చుని దగ్గుతాడని చెప్పింది. ఒక దగ్గు వద్దని, రెండు దగ్గులు సరేనని. ఇంకొకావిడ భర్త పేపరు మడతపెడతాడట. ఒక టీచరమ్మకి అత్తగారు పక్కన కూర్చుని మోచెయ్యి మీద గిల్లుతుందట. ఇక నేను ఆగలేకపోయాను. లేచి, చెప్పు విప్పి, పాదం కుర్చీ మీద పెట్టి చూపించాను. అక్కా, అద్దాల గదిలో ఆవిడ నోరు తెరవకముందే హాలంతా ఒకేసారి నవ్వింది. అనువాదం చివర్లో వచ్చింది గాని అప్పటికి ఎవరికీ అవసరం లేదు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను కూడా. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే చేతగానిదాన్ని అనుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఒక భారీ మనిషి నా పక్కన కూర్చుంది. వాళ్ళ దేశంలో ఇళ్ళు కట్టే చోట మేస్త్రీ, ఇప్పుడు అక్కడి కౌన్సిల్లో సభ్యురాలు అని హెడ్‌ఫోన్లో విన్నాను. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. నా పాదం వైపు చూసింది, తల ఊపింది, వంగి తన బూట్లు విప్పి నా ఒళ్ళో పెట్టింది. ఇటుకలు పడినా వేళ్ళు నలగకుండా ముందు భాగంలో ఇనుప రేకు ఉండే బూట్లు. వద్దన్నాను. ఆవిడ చెంచా తీసుకుని బూటు మొన మీద టంగుమని కొట్టి, కన్ను కొట్టింది. హోటలువాళ్ళ గుడ్డ చెప్పులు వేసుకుని విమానం ఎక్కి వెళ్ళిపోయింది.

బూట్లు నాకు మరీ పెద్దవి. తిరుగు ప్రయాణంలో మీ మరిది, "సంచీ బరువుందేం?" అన్నాడు. "జ్ఞానమండీ" అన్నాను.

రాజీనామా సంగతి ఇంకా తేల్చుకోలేదు. భయంగానే ఉంది. మీటింగు దగ్గరికొచ్చింది.

నీ బొంగరం

*

నా కంటే ముందే నా సంగతి తెలిసిపోయే అక్కకి,

పేపర్లో చూసే ఉంటావు. అయినా వాళ్ళు సగమే రాశారు.

మీటింగు రోజు పొద్దున్నే బూట్లు తీశాను. రెండు పాదాలు పట్టే చోట ఒక్కటే పెట్టినట్టుంది. యూనిఫారం గుడ్డ ముక్కలన్నీ కుక్కాను. కుడిది సరిపోయింది. ఎడమదానికి ఇంకా కొంచెం వెలితి. చేతికి అందింది రాజీనామా కాగితం. ఒక్క క్షణం ఆలోచించి, ఉండ చుట్టి మొనలోకి తోసేశాను. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

హాల్లోకి ధబ్ ధబ్ మని నడిచాను. "ఇవేం బూట్లు?" అన్నాడు మీ మరిది. "చలిగా ఉందండీ" అన్నాను. తీర్మానం చదివారు. నేను లేచి, "అధ్యక్షా" అన్నాను. ఆయన తొక్కాడు. ఎక్కడో పక్కింటి తలుపు ఎవరో తడుతున్నట్టు వినబడింది.

నాకు ఉపన్యాసాలు రావు. నా ముందున్న నీళ్ళ గ్లాసు ఎత్తి చూపించాను. "ఇక్కడ ప్రతి ఒక్కరి ముందూ ఒక గ్లాసు ఉంది. మీరు ధైర్యంగా తాగుతున్నారు, ఎందుకంటే మీకు ఆ గోడవతల గది ఉంది. బస్టాండు పక్కన కూర్చునేవాళ్ళు ఈ గ్లాసుకి భయపడతారు. ముందు ఆ తాళం తీయించండి. కార్లు వెనక్కి పోవడం తర్వాత నేర్చుకుంటాయి" అన్నాను. మధ్యలో బ్రేకు పడుతూనే ఉంది. నేను ఆగకపోయేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. బ్రేకులు ఫెయిలైన కారులో కూర్చున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

అధ్యక్షుడు మందుల షాపాయన. కళ్ళద్దాలు సర్దుకుని, "పోయినసారి మీరే చెయ్యెత్తారు గదమ్మా?" అన్నాడు.

"చెయ్యి నాదేనండీ. ఎత్తించింది మా ఆయన కాలు" అన్నాను.

తోడు కుర్చీలన్నిటి కిందనుంచీ కాళ్ళు మెల్లగా వెనక్కి లాక్కున్న చప్పుడు నేను విన్నాను. నా ఎదురుగా కూర్చున్న సభ్యురాలు తల వంచుకుని తన మోచెయ్యి తడుముకుంది.

ఓటింగు మొదలైంది. "అనుకూలం వాళ్ళు చేతులెత్తండి" అన్నారు. మీ మరిది ఇక లాభం లేదనుకుని, ఎదురుగా లారీ వచ్చినప్పుడు తొక్కుతాడే, అలా ఒంట్లో బలమంతా పెట్టి తొక్కాడు. ఒక్కసారి. రెండోది తొక్కలేకపోయాడు. ఆయన పెట్టిన కేక బస్టాండు దాకా వినపడిందట. తోడు కుర్చీలో కూర్చున్నవాళ్ళు నోరు విప్పకూడదు కదా, నిబంధన చదివి బయటికి పంపించారు. కుంటుకుంటూ వెళ్ళాడు. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంది అక్కా. దాన్ని చూసుకుంటూ కూర్చున్నాను, నాకు ఎంత ముద్దొచ్చిందో.

"వ్యతిరేకం" అన్నప్పుడు ఎత్తాను. ఆ కేకకి నిద్రలేచిన పెద్దాయన కూడా ఎత్తాడు. ఎందుకెత్తాడో ఆయనకే తెలియదు. తీర్మానం ఓడిపోయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు, చివరికి తాళమే పగలగొట్టారు.

మీ మరిదికి బొటనవేలు విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తెచ్చాను. కట్టు వైపు చూసుకుంటూ, "ప్రతిసారీ ఇంత గట్టిగా తొక్కానా?" అని అడిగాడు.

"లేదండీ. ఇవాళ ఇంకొంచెం గట్టిగా."

"ఏదీ, చూపించు" అన్నాడు. బూటు విప్పి చూపించాను. ఇంకా పచ్చగా, నీలంగానే ఉన్న పాదాన్ని చూస్తూ ఉండిపోయాడు. "చెప్పొచ్చుగా" అన్నాడు.

"చెప్పాను. అలవాటన్నారు."

"అలవాటే" అన్నాడు, ఈసారి చాలా చిన్న గొంతుతో. ఆయన కోసం పెట్టిన వేడినీళ్ళ బకెట్టు నా వైపుకి తోశాడు. స్థలం పోయిందన్న దిగులు ఇంకా ఉంది. మధ్యమధ్య నా మీద కోపం కూడా వస్తుంది, ఎందుకు రాదు. కాని నేను ఫోన్లో మాట్లాడుతుంటే ఆయన మంచి కాలు లేస్తుంది, మళ్ళీ తనే గుర్తు తెచ్చుకుని దించుకుంటాడు. కారులో కూడా ఇప్పుడు బ్రేకు తొక్కలేడు కదా, నేర్చుకునేవాళ్ళు చాలా బాగా నడుపుతున్నారట. దానికీ కొంచెం బాధపడుతున్నాడు.

నిన్న బజారుకి వెళ్ళాను. కూరగాయలావిడ తూకం వేసింది. వేసి, పక్కనున్న నీళ్ళ సీసా తీసి, నా కళ్ళలోకి చూస్తూ సగం దాకా గటగటా తాగింది. తర్వాత సంచీలో ఇంత కొసరు వేసింది.

ఇప్పుడు మా కౌన్సిల్లో ఆడవాళ్ళందరూ నా ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. ఒకావిడకి బూట్లు కావాలి, నావి ఇచ్చేశాను, లోపలి కాగితంతో సహా. ఎదురుగా కూర్చునే ఆవిడకి గిల్లుడు సమస్య, బూట్లు పనికిరావు. మోచెయ్యి దగ్గర దళసరి దూది పెట్టి జాకెట్టు కుడుతున్నాను. మా ఇంట్లో యూనిఫారాలు వెనకబడ్డాయి.

నిన్ను నిలబడవద్దని రాసిన ముక్క చింపెయ్యి. నిలబడు. కాకపోతే ఒక్కటి ముందే రాయి. బావ నీ పక్కన కూర్చుంటే తొక్కే రకమా, గిల్లే రకమా, దగ్గే రకమా? దాన్నిబట్టి కొలతలు తీసుకుంటాను.

రెండు కాళ్ళ మీదా నిలబడి,
నీ బొంగరం