దొర తిన్న పిండి

అత్తయ్య గారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ మీ అబ్బాయి, నేను, మీరు మాకు అప్పగించి వెళ్లిన కుక్క దొరవారు, ముగ్గురం క్షేమం. మోకాలి ఆపరేషన్ అయ్యాక మీరు కర్ర లేకుండా వరండా చివరిదాకా నడిచారని వదిన చెబితే ప్రాణం లేచి వచ్చింది.

మీరు అడిగినవాటికి జవాబులు. మీ అబ్బాయి దగ్గు తగ్గింది. మేడ మీద కుండీలకు నేనే నీళ్లు పోస్తున్నాను. ఇక దొర సరిగ్గా తింటున్నాడా అన్నారు. తింటున్నాడు. వచ్చిన చిక్కంతా అక్కడే.

పోయిన వారం బన్నుల ఆర్డరు ఉందని పిండిలో ఈస్టు కలిపి, గిన్నె మీద తడిబట్ట కప్పి, పొంగడానికి కిటికీ పక్కన ఎండలో పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి గిన్నె తోమినట్టు మెరుస్తోంది. దొర మూతి నాక్కుంటూ ఏమీ ఎరగనట్టు నా వంక చూశాడు. పచ్చి పిండే కదా, అరిగిపోతుందిలే అనుకున్నాను. కాసేపటికి పొట్ట డోలులా ఉబ్బింది. లేచి నడవబోయి, తాగినవాడిలా తూలి గోడకు కొట్టుకున్నాడు.

మీ అబ్బాయి కక్కిద్దామని గబగబా ఉప్పునీళ్లు కలిపేశారు. ముందు పశువుల డాక్టరమ్మని అడుగుదామని గ్లాసు లాక్కున్నాను. ఏం తిన్నాడు, ఎంత, ఎప్పుడు, బరువెంత అని ఆవిడ ఫోన్లోనే అన్నీ అడిగారు.

"ఏమీ తాగించకండి, కక్కించకండి. మత్తులో ఉన్నప్పుడు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉన్నపళంగా తీసుకొచ్చేయండి" అన్నారు.

బండి ఎక్కడ పెట్టాలని మనతో రోజూ పేచీ పడే ఎదురింటి మెకానిక్, చేస్తున్న పని వదిలేసి వ్యాను తీశాడు. దొరను దుప్పట్లో తనే ఎత్తుకున్నాడు. ఆ మనిషి మేలు మరిచిపోలేను.

ఆ పిండి కడుపులో వేడికి ఇంకా పొంగుతూ సారాలాంటిది పుట్టిస్తుందట. చల్లటి నీళ్లతో పొట్ట కడిగి సెలైన్ పెట్టారు. చేయాల్సింది చేశాం, ఇక తనే తెలివిలోకి రావాలి అన్నారు. ఎంత పిలిచినా దొరలో ఉలుకూ పలుకూ లేదు.

ఇంతవరకూ మీ దగ్గర దాచింది ఇప్పుడు చెబుతున్నాను. ఆ సాయంత్రం మీరు ఫోన్ చేసి, దొర చెవి దగ్గర పెట్టమన్నారు కదా. పడుకున్నాడన్నాను. పడుకున్నమాట నిజమే, కానీ మన వరండాలో కాదు, ఆసుపత్రి బల్ల మీద. మీరున్న స్థితిలో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అలాగే స్పీకరు పెట్టి ఫోన్ దొర చెవి దగ్గర ఉంచాను.

"అన్నం తిన్నావా నాన్నా?" అన్నారు మీరు.

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నాకు నవ్వు రాలేదు. దొర తోక బల్ల మీద టప్పుమని కొట్టుకుంది.

"పలకవేంరా?" అన్నారు. మళ్లీ కొట్టుకుంది. మీ అబ్బాయి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

మర్నాటికి లేచి తిరిగాడు. ఇప్పుడు పిండిని గడియ వేసిన అల్మారాలో పొంగిస్తున్నాను. నన్ను తిట్టాలనిపిస్తే తీరిగ్గా తిట్టండి, పడతాను. ఆ పూట మీకు వాడితో ఎందుకు మాట్లాడాలనిపించిందో గానీ, మాట్లాడినందుకు బతికినన్నాళ్లూ తలుచుకుంటాను.

ఇట్లు,
మీ గొంతుకు రుణపడిన
కోడలు