బూజు పట్టిన చాపలు

మంగళవారం, రాత్రి

చెరువుల్లో పెరిగే గుర్రపుడెక్క కాడలతో మేం అల్లిన మొదటి పన్నెండు చాపలూ ఇవాళ ఏలూరు షాపు నుంచి తిరిగొచ్చాయి. అన్నింటికీ బూజే. మండవల్లి షెడ్డులో వాటిని పరిచి, మా గుంపులోని ఆరుగురినీ కూర్చోబెట్టి, ఎక్కడ తప్పు జరిగిందని అడిగాను. చివరికి కాడలు ఎండబెట్టే మంగతాయారు గారు నోరు విప్పారు.

"కాడ లోపల తడి ఆరలేదండి. మొదటి రోజే చేతికి తెలిసిందండి."

"మరి అప్పుడే చెప్పలేదేమండీ?"

"మీరు అంత సంబరంగా ఉన్నారు కదండీ. చెబితే ఏం బాగుంటుందని ఊరుకున్నానండి."

ఒళ్లు మండింది. ఈ మర్యాదతో నేనేం చేసుకోను? నెల రోజుల పని పాడైంది. తప్పు జరిగితే ఫర్వాలేదు, దాచొద్దని ప్రతి సోమవారం మీటింగులో చెబుతూనే ఉన్నాను. ఆ మాటే గట్టిగా అనేశాను.

ఆవిడ తల దించుకునే, మెల్లగా అన్నారు. "అల్లిక వదులుగా వస్తోందని నాగమణి చెప్పినప్పుడు, ముందు పని కానివ్వమ్మా అన్నారండి మీరు. అప్పట్నుంచి ఆ పిల్ల మీటింగులో మాట్లాడ్డం లేదండి."

నేనలా అన్నట్టే నాకు గుర్తులేదు. అక్కడే ఓ మూల కూర్చున్న నాగమణికి మాత్రం బాగా గుర్తుంది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

పొరపాటు నాదేనని అక్కడే ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోకుండా, ఈసారి కాడలు ఇంకో మూడు రోజులు ఎక్కువ ఎండబెడదామని చెప్పి లేచి వచ్చేశాను. పెద్ద లీడర్ని మరి.

రేపు నాగమణినే ముందు మాట్లాడమని అడగాలి. ఏం చెప్పినా అడ్డు రాకుండా వినాలి. అసలు అది నా వల్ల అవుతుందా అని అనుమానమే.