బస్తా అడుగు కాయ

అన్నయ్యా,

నువ్వు పోయాక ఇదే మొదటి మిర్చి సీజను. ఇవాళ నీ పద్ధతిలోనే ఒక బేరం తేల్చాను, చెప్పకుండా ఉండలేకపోతున్నాను!

మన కొట్టు కంప్యూటర్లన్నీ ఏడాది పొడుగునా తామే చూసుకుంటామని గుంటూరులో ఒక కంపెనీ ముందుకొచ్చింది. నెల రోజులు ఊరికే చేసి చూపించారు. ఇవాళ వాళ్ల మేనేజరు రంగురంగుల పుస్తకం తెచ్చి ఊదరగొట్టాడు. బస్తా మూతి దగ్గర కాయ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది కదా! నువ్వైతే అడుగుదాకా చెయ్యి దూర్చి కాయ తీసేవాడివి.

నేనూ దూర్చాను. అతని ఎదురుగానే కంప్యూటర్లో నిన్నటి రైతుల జాబితా మొత్తం చెరిపేశాను.

"ఎంత పని చేశావమ్మా!" అని మన గుమస్తా సుబ్బారావు గారు కేకేశారు.

"ఇప్పుడు తెచ్చి చూపించండి" అన్నాను మేనేజరుతో.

టీ చల్లారేలోపు ఒక్క పేరు పోకుండా తెచ్చేశాడు! అడుగు కాయ కూడా ఎరుపే, అన్నయ్యా!

అతను ఒప్పందం కాగితం తీసి, "కొట్లో కంప్యూటరు ఎంతమంది వాడతారండీ?" అన్నాడు.

"నలుగురం."

సంతకం పెట్టాక సుబ్బారావు గారు మెల్లగా, "ముగ్గురమే కదమ్మా" అన్నారు.

నాకూ తెలుసు. దిద్దించలేదు.